ఒంటికాలి కొంగ ధర

మా బావగారి గదిలోకి శనివారం శనివారం ఒక చచ్చిపోయిన మనిషి వచ్చి కూర్చుంటున్నాడని దర్జీ భార్య ఇస్త్రీ అతనితో అందట. ఇస్త్రీ అతను ఆ మాటను బట్టలతోపాటు మడత పెట్టి తెచ్చి మా ఆయనకు అప్పజెప్పాడు. వచ్చినవాడు ఎవరికీ కనబడడట. పెద్దాయన మాత్రం లేచి కుర్చీ జరిపి, "కూర్చో మేస్త్రీ, కూర్చో" అంటాడట. తర్వాత గంటసేపు గోడకేసి చూస్తూ ఏవో లెక్కలు అప్పజెబుతాడట. దర్జీ భార్య మిషను వేసుకునే కిటికీ మా ముందుగది కిటికీకి సరిగ్గా ఎదురు. సూదిలో దారం ఎక్కించడానికి ఆవిడకు కళ్లజోడు కావాలి గానీ మా ఇంటి సంగతులకు అక్కర్లేదు.

మా ఆయన బస్సు కండక్టరు. రోజంతా వందమందితో చిల్లర కోసం పోట్లాడి వస్తాడు కాబట్టి ఇంట్లో దేనికైనా నవ్వేస్తాడు.

"పోనీలే, చచ్చినవాడే కదా. కాఫీ ఖర్చు లేదు, టికెట్టు అడిగే పని లేదు" అన్నాడు.

నవ్వి, ఆ తర్వాత గొంతు తగ్గించి, "వచ్చే వారం అన్నయ్యని నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా. ఇరుగుపొరుగుదాకా వెళ్లిందంటే ఇంక దాచి లాభం లేదు" అన్నాడు.

వచ్చే మనిషి ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు. గడియారాల మేస్త్రి, బావగారి స్నేహితుడు, పోయి తొమ్మిదేళ్లయింది. అతను ఎందుకు వస్తున్నాడో మాత్రం నా ఒక్కదానికే తెలుసు. బావగారు తనకు తెలుసనుకుంటున్నారు గానీ, ఆయనకు తెలిసింది తప్పు.

బావగారు తూనికలు కొలతల ఆఫీసులో పరీక్ష అధికారిగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా దుకాణాల్లో తక్కెళ్లు పట్టి తూకం రాళ్లు తనిఖీ చేసిన మనిషి. భార్య చిన్న వయసులోనే పోయింది, పిల్లలు లేరు. ఆయనకు ఉన్న ఒక్క వ్యసనం పాత నాణేలు. కూడబెట్టుకున్నవి ఓ చిన్న పెట్టెడే. ఆయన అసలు పిచ్చి వాటి ధరల మీద. ఏ నాణెం ఏ నెలలో ఎంత పలికింది, ఎప్పుడు లేచింది, ఎందుకు పడింది అన్నదంతా ముప్ఫై ఏళ్లుగా పుస్తకాల్లో రాస్తున్నారు. ముందుగది గోడ నిండా గళ్ల కాగితాలు అంటించి, ఒక్కో నాణేనికి ఒక్కో రంగు గీత గీస్తారు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆ గోడ చూసి, ఈ ఇంట్లో ఇంతమందికి జ్వరాలేమిటా అని హడలిపోయాను. ఆసుపత్రి మంచాలకు వేలాడదీసే పట్టీల్లాగే ఉండేవి.

మా నాన్న పశువుల బేరగాడు. సంతలో ఎద్దు ధర ఎందుకు పెరుగుతుందో నాకు పుట్టుకతో తెలుసు. దుక్కి వచ్చినా, పళ్లూ ఒంటిమీది సుడులూ బాగున్నా పెరుగుతుంది. నాణెం అలా కాదు. అది దున్నదు, పాలివ్వదు. ఉన్నవాళ్లు ఎంతమంది, కావాల్సినవాళ్లు ఎంతమంది అన్నదే దాని పళ్లూ, దాని సుడులూ. నాణేలు కూడబెట్టిన పెద్దమనిషి ఒకడు చచ్చిపోతే కొడుకులు పెట్టెలన్నీ ఒక్కసారే అంగట్లో గుమ్మరిస్తారు, గీత దబ్బున పడుతుంది. ఏడాది తిరిగేసరికి అవన్నీ ఎవరెవరి బీరువాల్లోకో వెళ్లిపోతాయి, గీత మళ్లీ పాకుతుంది. ఎక్కడో పునాది తవ్వుతుంటే కుండెడు దొరికాయంటే చాలు, నిన్నటిదాకా దొరగారిలా కూర్చున్న నాణెం ఇవాళ్టికి బిచ్చగాడి చేతిలోదైపోతుంది.

"ధర అనేది నాణెంలో ఉండదు అమ్మాయ్, మనుషుల నోట్లో ఉంటుంది. అందుకే నోటిని నమ్మకూడదు" అనేవారు బావగారు.

నమ్మకూడదు కాబట్టే ఆయనకొక కట్టుబాటు ఉండేది. ప్రతి శనివారం పొద్దున పాత నాణేల వీధికి వెళ్లి నాలుగు దుకాణాలూ తిరిగేవారు. తన కళ్లముందు చేతులు మారిన నాణెం ధర సిరాతో రాసేవారు. ఎవరైనా చెప్పిన ధర పెన్సిలుతో రాసేవారు. అది నిజమని తేలాక పెన్సిలు మీద సిరా దిద్దేవారు, తేలకపోతే దానికి అలాగే మసకబారే గతి పట్టేది. నెలాఖరుకి ఆ పుస్తకం నా ముందు పెట్టేవారు. నా దస్తూరి గుండ్రంగా ఉంటుందని జాబితా రాసే పని నాకు అప్పగించారు. నేను సిరా ధరలు మాత్రమే ఎత్తి రాయాలి. పెన్సిలు ఉన్నచోట కిందటి నెల ధరే వేసి పక్కన చిన్న అడ్డగీత పెట్టాలి. ఆ జాబితా అరవై నకళ్లు తీయించి అరవై ఇళ్లకు, దుకాణాలకు పంపేవాళ్లం. ఆ వీధిలో బేరం తెగకపోతే ఇద్దరూ జేబుల్లోంచి మా జాబితా తీసేవారు. అందులో ఏముంటే అదే ధర, మారుమాట ఉండేది కాదు.

ఆ జాబితాలో ఒక వెండి నాణెం ఉండేది. దాని మీద కొంగ బొమ్మ. మామూలు వాటి మీద కొంగ రెండు కాళ్ల మీద నిలబడుతుంది. అచ్చు పాడైపోయాక కొట్టిన కొన్నింటి మీద మాత్రం ఒక కాలు పడలేదు. వాటిని ఒంటికాలి కొంగ అంటారు. తెలిసినంతలో తొమ్మిదే ఉన్నాయి. ఆ తొమ్మిదింటిలో ఒకటి గడియారాల మేస్త్రిది. వాళ్ల తాత ఎవరి గడియారమో బాగుచేసినందుకు కూలి కింద తీసుకున్నాడట. మేస్త్రికి బావగారి పుస్తకం అంటే గురి. "అన్నయ్యా, నీ సిరా ఉన్నంతకాలం నా కొంగ ఎగిరిపోదు" అనేవాడు. ఆ నాణేన్ని మా బల్ల మీద వేలిగోటితో ఎగరేసి పడేసేవాడు, ఆ మోత వినడం కోసమే. వెండి మోత సన్నగా సాగి, గదిలో ఒక మూలకు పోయి ఆగేది.

అతని కళ్లకు పొర కమ్మింది. వెంట్రుకంత మరలు బిగించే మనిషికి చూపు పోతే ఇంకేం మిగులుతుంది? రెండు కళ్లకూ ఆపరేషను చేయించాలి, దానికి కొంగను అమ్మాలి. అప్పట్లో దాని ధర నలభై రెండు వేలు. రెండు కళ్లకూ సరిపోగా నెల రోజులు కొట్టు మూసుకుని కూర్చోవడానికీ మిగిలేది.

సరిగ్గా ఆ నెలలోనే వీధిలో మీసాలాయన అనే వ్యాపారి, ఎక్కడో పునాదుల్లో రెండు వందల ఒంటికాలి కొంగలు కుండతో సహా బయటపడ్డాయనీ, తనకు ఒక్కోటీ పదిహేను వేలకే ఇస్తామంటున్నారనీ చెప్పాడు. బావగారు అది విని వచ్చి, పుస్తకంలో పెన్సిలుతో పదిహేను వేలు అని రాసుకున్నారు. అది నిజమో కాదో వచ్చే శనివారం తేల్చుకుందామనుకున్నారు.

నేను మర్నాడు పొద్దున్నే పుట్టింటికి బయల్దేరాలి. బట్టలు సర్దలేదు. నకళ్లు తీసే కొట్టు ఏడింటికి మూసేస్తాడు. కిటికీలో వెలుతురు పోతున్న వేళ కూర్చుని గబగబా జాబితా రాసేశాను. కొంగ దగ్గర పదిహేను వేలు అని రాసి ముందుకు వెళ్లిపోయాను. పెన్సిలని చూసుకోలేదు, అడ్డగీతా పెట్టలేదు.

పుట్టింటినుంచి శనివారం పొద్దున తిరిగి వచ్చాను. జాబితా మంగళవారమే అరవై ఇళ్లకూ చేరింది. బావగారు స్నానాల గదిలో ఉన్నారు. బల్ల మీద పుస్తకం, పక్కన మిగిలిన నకలు. ఎందుకు చూశానో తెలియదు, చూశాను. పెన్సిలు పదిహేను వేలు బూడిద రంగులో నాకేసి చూస్తోంది. లోపల చెంబుతో నీళ్లు పోసుకుంటున్న చప్పుడు. ఆయన పెన్ను మూత తీశాను. ఒకటి, ఐదు, మూడు సున్నాలు. ఆయన సున్నాలు కొంచెం కోలగా ఉంటాయి, అలాగే దిద్దాను. ఊపిరి బిగబట్టి వదిలినంతసేపు పట్టింది, అంతే.

ఆయన వచ్చి కూర్చుని, పుస్తకం తెరిచి, కొంగ ధర మీద వేలు పెట్టారు.

"ఇది నేను సిరా పెట్టానా అమ్మాయ్?"

"మీ పుస్తకం బావగారూ. ఇంకెవరు పెడతారు?" అన్నాను.

మా అమ్మ అనేది, అబద్ధం చెప్పాలంటే ప్రశ్నలా చెప్పాలే, అప్పుడది నీ నెత్తిన ఉండదు, విన్నవాడి నెత్తిన ఉంటుంది అని. ఆవిడ మాట ఎంత నిజమో అప్పుడు తెలిసింది. బావగారు తన కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నారు, ఎవరిదో చెయ్యి తన చొక్కాలోకి వచ్చినట్టు. తర్వాత చెప్పులు వేసుకుని మేస్త్రి కొట్టుకు పరుగెత్తారు. మేస్త్రి శుక్రవారమే అమ్మేశాడు, మీసాలాయనకే, జాబితా చూపించి పదిహేను వేలకు.

కుండా లేదు, గుండా లేదు. రెండు నెలలకు ఒంటికాలి కొంగ నలభై ఐదు దగ్గర కూర్చుంది. మేస్త్రికి ఒక కంటికే డబ్బు చాలింది. రెండోది వచ్చే ఏడు చూసుకుందామన్నారు. నాలుగో నెలలో అటకమీది గోడగడియారం చంకన పెట్టుకుని దిగుతూ, చూపు లేని పక్క మెట్టు తప్పి పడ్డాడు. గడియారం మాత్రం ఆగలేదని శవాన్ని చూడటానికి వెళ్లినవాళ్లు చెప్పారు.

ఆ రోజునుంచి బావగారు కుడిచేత్తో పెన్ను పట్టలేదు. ఎడంచేత్తో రాయడం నేర్చుకున్నారు, అరవై రెండేళ్ల వయసులో, ఒకటో తరగతి పిల్లవాడిలా నాలుక పళ్లమధ్య పెట్టుకుని. "ఆ చెయ్యి నా మాట వినలేదమ్మాయ్. నేను చూడకుండా రాసింది" అన్నారు. జాబితా పంపడం మానేశారు. గోడమీది గీతలు మాత్రం మానలేదు. అందులోనూ కొంగ గీతే.

మొదటిసారి అరవై వేలకు చేరిన శనివారం, వీధి గేటు దగ్గర మేస్త్రి నిలబడి ఉన్నాడన్నారు. ఎనభై అయినప్పుడు అరుగు మెట్ల మీద. లక్షా పదివేలు అయిన రోజు గడప దగ్గర. మధ్యలో ఒక ఏడాది, ఎవరో ధనవంతుడు పోయి, అతని కొడుకులు మూడు కొంగల్ని ఒకేసారి అమ్మేస్తే ధర మళ్లీ అరవైకి పడింది. మేస్త్రి వెనక్కి గేటు దాకా వెళ్లిపోయాడట. ఆ ఏడాది బావగారు ఒళ్లు చేశారు, రెండోసారి అన్నం వడ్డించుకునేవారు. ధర తగ్గాలని నేనూ మొక్కుకున్నాను. ప్రపంచంలో తనకు లేని నాణెం ధర పడిపోవాలని మొక్కుకున్నది బహుశా నేనొక్కదాన్నే. కానీ అది ఆగలేదు. లక్షన్నర అయింది, మేస్త్రి కుర్చీలో కూర్చున్నాడు.

ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. అన్నం పెడుతూ చెబుదామనుకునేదాన్ని, ముద్ద దిగదేమోనని ఆగేదాన్ని. పండుకున్నప్పుడు మా ఆయనకు చెబుదామనుకునేదాన్ని, నవ్వేస్తాడనీ, తర్వాత నవ్వడనీ ఆగేదాన్ని. తప్పు చిన్నదిగా ఉన్నప్పుడు చెప్పడానికి సిగ్గేసింది. పెద్దదయ్యాక భయమేసింది. దానికీ ఒక గీత గీసి ఉంటే ఈపాటికి గోడ చాలేది కాదు.

దర్జీ భార్య మాట ఇంటికొచ్చిన ఆ శనివారమే, మధ్యాహ్నం బావగారు నన్ను పిలిచారు. కొంగ లక్షా తొంభై తాకింది. గీత కాగితం అంచుకు వచ్చేసింది. పైన ఇంకో కాగితం అంటించాలి, ఆయన ముక్కాలిపీట ఎక్కలేరు. నేనెక్కి జిగురు రాస్తున్నాను. వెనక బల్లమీద నాణెం పడిన మోత వినిపించింది. సన్నగా సాగి, నా పక్కన ఉన్న మూలకు వచ్చి ఆగింది.

తిరిగి చూస్తే బల్లమీద ఏమీ లేదు. బావగారి రెండు చేతులూ ఒళ్లో ఉన్నాయి. ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది, బల్లకు మరీ దగ్గరగా జరిగి ఉంది.

"విన్నావా?" అన్నారు.

"లేదు బావగారూ" అన్నాను. జిగురు నా మోచేతిదాకా కారుతోంది.

"నీకు వినబడదులే. నీకెందుకు వినబడాలి?" అన్నారు మెల్లగా. "వీడు ఇంక జరగడానికి చోటు లేదమ్మాయ్. కుర్చీ అయిపోయింది. వచ్చే నెల వేలంలో వాడి కొంగే అమ్మకానికొస్తోందట, అంచున నొక్కు ఉన్నది. అది రెండు దాటుతుంది. దాటితే ఎక్కడికొస్తాడు? నా మీదికే. తమ్ముడు డాక్టరంటున్నాడు. వెళ్తాను, మాత్రలు మింగుతాను. దానికంటే ముందు ఒక పని ఉంది."

ఆయన పని ఏమిటంటే, తన నాణేల పెట్టె తీసుకెళ్లి మేస్త్రి భార్యకు ఇచ్చి, తన చేతి తప్పు ఆవిడ ముందు ఒప్పుకోవడం. నన్నూ రమ్మన్నారు. "నా చెయ్యి వణుకుతుంది. పెట్టె నువ్వు పట్టుకో."

మేస్త్రి భార్య ఇప్పుడా కొట్టు నడుపుతోంది. చేతిగడియారాలకు పట్టీలు, బ్యాటరీలు వేస్తుంది. పెద్ద మరమ్మతులు వస్తే లేదని పంపేస్తుంది. మా వీధినుంచి నాలుగు మలుపులు. తొమ్మిదేళ్లలో నేను కూరగాయలకు వెళ్లాలన్నా చుట్టు తిరిగి వెళ్లేదాన్ని గానీ ఆ కొట్టు ముందునుంచి వెళ్లలేదు. పెట్టె బరువేమీ లేదు, అయినా నా భుజాలు పీకాయి. దారిలో రోడ్డు దాటేటప్పుడు బావగారు నాకు అడ్డంగా తన కుడిచెయ్యి చాచారు, సైకిలు తగలకుండా. చాచిన వెంటనే గుర్తొచ్చినట్టు వెనక్కి లాక్కున్నారు.

కొట్టు నిండా గడియారాలు, ఏ రెండూ ఒకే టైము చూపించడం లేదు. ఆవిడ కంటికి భూతద్దం పెట్టుకుని ఒక ఆడవాళ్ల గడియారం వెనక మూత తీస్తోంది. మమ్మల్ని చూసి భూతద్దం నుదుటిమీదికి తోసింది.

"రండి అన్నయ్యగారూ. చాలా కాలానికి. గడియారం ఆగిందా?"

"లేదు చెల్లెమ్మా. నీతో ఒక మాట."

పెట్టె గాజుబల్ల మీద పెట్టించారు. నిలబడే చెప్పారు, కోర్టులో చెప్పినట్టు. పెన్సిలు సంగతి, సిరా సంగతి, లేని కుండ సంగతి. "నేను సరిచూడలేదు. చూడకుండా సిరా పెట్టాను. పెట్టినట్టు నాకు గుర్తు కూడా లేదు. ఈ చెయ్యి పెట్టింది. మీ ఆయన దాన్ని నమ్ముకుని అమ్మాడు. ఇవి నా దగ్గరున్నవన్నీ. నీ కొంగకు సాటిరావు గానీ, ఇవాళ్టి ధరకు లక్షా ఇరవై దాకా వస్తాయి. వచ్చే ఏడాదిదాకా ఉంచితే ఇంకా..."

"గుర్తు లేకుండా ఎలా రాస్తారు అన్నయ్యగారూ?" అంది ఆవిడ. కోపంగా కాదు, ఆగిన గడియారం వైపు చూసినట్టు చూస్తూ.

"అదే నాకు తెలియదు. వీడూ అదే అడుగుతాడు, వచ్చి కూర్చుని."

ఆయన కళ్లలో నీళ్లు లేవు. తొమ్మిదేళ్లుగా తనను తానే ఒక దొంగ తక్కెడలా చూసుకుంటున్న మనిషి. ముల్లు ఎక్కడ తప్పుతోందో దొరక్క.

"ఆయన రాయలేదక్కా" అన్నాను. "పెన్సిలు ధరను జాబితాలోకి ఎక్కించింది నేను. తర్వాత పుస్తకంలో సిరా దిద్దింది నేను. బావగారు స్నానం చేస్తున్నప్పుడు. ఆయన పెన్నుతోనే."

గడియారాలన్నీ ఒక్కొక్కటీ ఒక్కో వేగంతో కొట్టుకుంటున్నాయి. బావగారు నాకేసి తిరిగారు.

"నువ్వా?"

"నేనే బావగారూ."

"నేను నిన్ను అడిగాను కదమ్మాయ్. ఆ రోజే అడిగాను."

"అడిగారు."

ఆయన బల్ల అంచు పట్టుకున్నారు. ఆవిడ కుర్చీ వేయబోతే వద్దన్నట్టు తల ఊపారు. ఆ మొహంలో ఏమేం వచ్చి వెళ్లాయో నేను చెప్పలేను. కొట్టినా బాగుండేది. ఆయన మంచితనమే మా ఇంట్లో అందరికీ అలవాటైపోయిన దుర్గుణం. రెండు నిమిషాలు కూడా కోపంగా ఉండటం చేతకాదు. ఆవిడ వైపు తిరిగి, చేతులు జోడించారు.

"చిన్నపిల్ల చెల్లెమ్మా అప్పటికి. ఇరవై రెండేళ్లు కూడా లేవు. భయపడింది. కావాలని చేసింది కాదు. దీన్నేమీ అనకు, క్షమించేద్దాం. పోయినవాడు కూడా క్షమిస్తాడు, వాడి సంగతి నాకు తెలుసు."

నేను తల దించుకుని ఆ మాట కోసమే తొమ్మిదేళ్లు ఎదురుచూసినట్టు నిలబడ్డాను. అది వచ్చింది కూడా.

మేస్త్రి భార్య నుదుటిమీది భూతద్దం తీసి బల్లమీద పెట్టింది. పెట్టెను మూత కూడా తెరవకుండా ఒక వేలితో మావైపు నెట్టింది.

"మిమ్మల్ని తొమ్మిదేళ్లు పిచ్చివాణ్ణి చేసిన మనిషిని మీరు క్షమించుకుంటే క్షమించుకోండి అన్నయ్యగారూ, అది మీ ఇంటి సంగతి" అంది. "నా వంతుదీ, మా ఆయన వంతుదీ కలిపి క్షమించెయ్యడానికి మీరెవరు?"